"ఎర్త్ లేకపోతే న్యూట్రల్ కలిపెయ్" అన్నారు, మా అమ్మకి షాక్ కొట్టింది: ఇంటి వైరింగ్ గురించి మనకి ఎవరూ చెప్పని విషయాలు

ఈ రోజు ఎపిసోడ్ కొత్త ఫోన్ గురించో, కొత్త యాప్ గురించో కాదు. మన ఇంటి గోడల్లో ఉన్న వైర్ల గురించి. బోరింగ్ టాపిక్ అనుకుని స్క్రోల్ చేసెయ్యకండి. ఇది చూస్తున్న మీలో సగం మంది ఫోన్ ఇప్పుడు చార్జింగ్‌లోనే ఉండి ఉంటుంది. ఆ ప్లగ్ వెనకాల ఏముందో ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు. సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, నేను చదివింది బీటెక్ ఈఈఈ. ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. థెవెనిన్ థీరమ్ మీద పదహారు మార్కుల ప్రశ్న రాసి పాసయ్యాను. తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళిపోయాను. మా ఇంట్లో ఎర్త్ ఉందో లేదో మాత్రం నాకు తెలీదు.

మాది చోడవరం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. స్వయంభూ వినాయకుడి గుడి, గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, ఇవి చెబితే చాలామందికి గుర్తొస్తుంది. మా ఇల్లు పాతది. నాన్న కట్టించినప్పుడు వేయించిన వైరింగే. గది గదికీ రెండే వైర్లు, ఫేజ్, న్యూట్రల్. మూడో వైరు లేదు. మీటర్ బోర్డు మీద తెల్లటి పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పటికీ ఇదే ఉంటుంది.

అసలు ఏం జరిగిందంటే

2020. లాక్‌డౌన్. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంటికి వచ్చేశాను. అమ్మ చేత్తో బట్టలు ఉతకడం చూసి వాషింగ్ మెషిన్ కొన్నాను. పెరటి వైపు వసారాలో పెట్టాం. ఫ్రిజ్ ఉన్న బోర్డు నుంచే దానికీ ఒక సాకెట్ లాగాను. వీడియోలు చూసి నేనే లాగాను. మొదటి రోజే అమ్మ అంది, "ఒరే, దీన్ని ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందిరా" అని.

నేను ఒక హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. కౌంటర్ మీద ఉన్నాయన విషయం వినకుండానే, "ఎర్త్ లేదు కదా, అందుకే. ఏం లేదు, సాకెట్ లోపల న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్క కలిపెయ్. జిల్లు పోద్ది" అన్నారు. వైరు ముక్కకి డబ్బులు కూడా తీసుకోలేదు. ఇంటికొచ్చి కలిపాను. నిజంగానే జిల్లు పోయింది. ఆ రోజు నాకంటే పెద్ద ఇంజనీరు చోడవరంలో లేడనుకున్నాను.

కొన్ని నెలలు గడిచాయి. వానాకాలం. ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆ వైపు లైట్లు, ఫ్రిజ్ ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకున్నాం. అమ్మ వసారాలో ఆరేసిన బట్టలు తీసుకొచ్చి వాషింగ్ మెషిన్ మీద పెట్టబోయింది. మెషిన్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. చెయ్యి తగలగానే ఒక్క అరుపు, వెనక్కి పడిపోయింది. కాలికి రబ్బరు చెప్పులు ఉన్నాయి, వెనక్కి పడింది కాబట్టి చెయ్యి వదిలింది. మెషిన్‌ని చేత్తో పట్టుకుని ఉంటే, తడి నేల మీద వట్టి కాళ్ళతో ఉంటే, ఈ ఎపిసోడ్ ఉండేది కాదు. నేను మళ్ళీ ఏ ఎపిసోడూ చేసేవాణ్ణి కాదు.

మా వీధి చివర ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. నేను బాబాయ్ అని పిలుస్తాను. పేరు చెప్పొద్దన్నారు, కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తం బాబాయ్ అనే అంటాను. ఆయన వచ్చి మొదట మీటర్ దగ్గర మెయిన్ ఆఫ్ చేశారు. సాకెట్ విప్పారు. ఆ చిన్న వైరు ముక్క కనిపించింది. నా వైపు తిరిగి, "ఎవలు చేసేరు నానా ఇది?" అన్నారు. నేనే అన్నాను. ఆయన తిట్టలేదు. "అమ్మ బతికిపోనాది" అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటేనే బాగుండేది.

ఆ ముక్క ఏం చేసింది?

ఇది అర్థం కావాలంటే మూడు వైర్లు ఏంటో తెలియాలి. సింపుల్‌గా చెప్తాను. ఫేజ్ అంటే కరెంటు వచ్చే దారి, 230 వోల్టులు. న్యూట్రల్ అంటే పని చేసి తిరిగి వెళ్ళే దారి. ఎర్త్ అంటే ఎమర్జెన్సీ ఎగ్జిట్. మామూలుగా అందులో కరెంటు పారకూడదు. మెషిన్ లోపల ఫేజ్ వైరు ఊడి ఇనుప బాడీకి తగిలితే, మన ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవడానికి ఒక దారి. అంతే.

మరి మొదట్లో జిల్లు ఎందుకొచ్చింది? వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, కంప్యూటర్ లాంటి వాటి లోపల కరెంటులోని నాయిస్ తగ్గించడానికి ఫిల్టర్ ఉంటుంది. దాని కెపాసిటర్ల ద్వారా చాలా కొద్ది కరెంటు, ఒక మిల్లీ ఆంపియర్ లోపు, బాడీకి వస్తుంది. ఎర్త్ ఉంటే అది నిశ్శబ్దంగా నేలలోకి పోతుంది. లేకపోతే మీ చేతికి జిల్లుమంటుంది. అంటే ఆ జిల్లు మెషిన్ పాడైందని కాదు, "ఇక్కడ ఎర్త్ లేదు బాబూ" అని ఇల్లు మనకి చెప్తున్న మాట. నేను ఆ మాట వినకుండా నోరు నొక్కేశాను.

ఇప్పుడు న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపాక ఏమైంది? న్యూట్రల్ బాగున్నంత కాలం ఏమీ కాలేదు. ఎందుకంటే న్యూట్రల్ దాదాపు సున్నా వోల్టుల దగ్గరే ఉంటుంది. ఆ సాయంత్రం ఏమైందంటే, మీటర్ దగ్గర నుంచి ఆ గదికి వచ్చే న్యూట్రల్ జాయింట్ పాతబడి ఊడిపోయింది. ఫేజ్ మాత్రం వస్తూనే ఉంది. ఫ్రిజ్ స్విచ్ ఆన్‌లో ఉంది. ఫేజ్ ఫ్రిజ్‌లోకి వెళ్ళింది, మోటార్ చుట్టల్లోంచి బయటికి వచ్చింది, తిరిగి వెళ్దామంటే న్యూట్రల్ తెగిపోయింది. అప్పుడు ఆ బోర్డులో ఉన్న న్యూట్రల్ అంతా 230 వోల్టులకి లేచి కూర్చుంది. అక్కడి నుంచి నా చిన్న వైరు ముక్క మీదుగా వాషింగ్ మెషిన్ బాడీకి. మెషిన్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా లాభం లేదు. స్విచ్ ఆపేది ఫేజ్‌ని, న్యూట్రల్‌ని కాదు కదా.

చూశారా? కరెంటు పోయిందనుకున్న టైమ్‌లోనే మెషిన్ ప్రాణాంతకంగా మారింది. అందుకే ఈ తప్పు అంత ప్రమాదం. ఏళ్ళ తరబడి ఏమీ కాదు, బాగానే పనిచేస్తుంది. ఒక్క జాయింట్ ఊడితే చాలు.

ఫ్యూజు ఎందుకు కాపాడలేదు?

ఇది నన్ను చాలామంది అడిగారు. ఒంట్లోంచి కరెంటు పోతే ఫ్యూజు కొట్టెయ్యాలి కదా అని. లెక్క వేద్దాం. తడి ఒంటి రెసిస్టెన్స్ సుమారు 1000 ఓమ్‌లు అనుకుందాం. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. మా ఇంట్లో ఆ ఫ్యూజు 5 ఆంపియర్లది. దాని దృష్టిలో 0.23 అంటే ఒక ట్యూబ్‌లైటు వేసినంత. అది కదలదు. ఎంసీబీ అయినా అంతే, 6 ఆంపియర్ల ఎంసీబీ కూడా కదలదు.

మనిషి సంగతి వేరు. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ ఎంత కరెంటు దగ్గర మనిషి పట్టుకున్న తీగని వదల్లేడు అని పరిశోధన చేశారు. మగవాళ్ళలో సగటున సుమారు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళలో సుమారు 10. అది దాటితే కండరాలు బిగుసుకుపోయి చెయ్యి వదలదు. ఇంకా పెరిగి 50, 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర గుండె లయ తప్పుతుంది. ఫ్యూజు, ఎంసీబీ కనిపెట్టింది వైరు కాలిపోకుండా. మనిషి చనిపోకుండా కాదు. ఈ ఒక్క వాక్యం ఈ ఎపిసోడ్ నుంచి గుర్తుపెట్టుకున్నా చాలు.

మనిషి కోసం ఉన్నది వేరే డబ్బా. దాని పేరు ఆర్‌సీసీబీ. అదే డాల్జీల్ గారు 1961లో అమెరికాలో ఇళ్ళకి ఇలాంటి పరికరాన్నే తయారుచేశారు. లాజిక్ చాలా సింపుల్. ఫేజ్‌లో ఎంత వెళ్ళిందో న్యూట్రల్‌లో అంతే తిరిగి రావాలి. బస్సులో వెళ్ళినవాళ్ళ తలలు లెక్కపెట్టినట్టు. వెళ్ళింది ఎక్కువ, వచ్చింది తక్కువ అంటే మధ్యలో ఎక్కడో లీక్ అయింది, బహుశా ఒక మనిషి ఒంట్లోంచి. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటితే 0.3 సెకను లోపు మొత్తం కట్ చేసేస్తుంది. ఇంట్లో మనుషుల కోసం కొనాల్సింది 30 మిల్లీ ఆంపియర్లదే. డబ్బా మీద 100, 300 అని ఉన్నవి వేరే పనులకి.

ఒక హెచ్చరిక. మీరు ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి మీరు ఒక బల్బులాగే కనిపిస్తారు. అది పడదు. కాబట్టి అది ఉంది కదా అని వైర్లతో ఆడుకోకండి.

ఎర్త్ గొయ్యి తవ్వితే చాలదా?

బాబాయ్ మా ఇంటికి ముందు ఎర్త్ గొయ్యి తవ్వించారు. పైపు, బొగ్గు, ఉప్పు, పైన నీళ్ళు పోయడానికి గరాటు. గది గదికీ మూడో వైరు లాగారు. నేను అడిగాను, ఇంక ఆర్‌సీసీబీ ఎందుకు బాబాయ్ అని. ఆయన లెక్క చెప్పలేదు, "నేల పచ్చిగా ఉన్నన్నాళ్ళే నానా గొయ్యి" అన్నారు. లెక్క నేను వేశాను. మంచి గొయ్యి రెసిస్టెన్స్ 5 ఓమ్‌లు అనుకుందాం. ఫేజ్ బాడీకి తగిలితే 230 బై 5, అంటే 46 ఆంపియర్లు నేలలోకి పోతాయి. మామూలుగా దొరికే 16 ఆంపియర్ల సీ టైపు ఎంసీబీ వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 46కి అది వేడెక్కి, కాస్త టైమ్ తీసుకుని పడుతుంది. ఆ టైమంతా బాడీకి కరెంటు ఉంటుంది. ఎండాకాలం గొయ్యి ఎండిపోయి 20 ఓమ్‌లు అయితే? 11.5 ఆంపియర్లు. ఎంసీబీ అస్సలు పడదు. అందుకే ఎర్త్, ఆర్‌సీసీబీ రెండూ కావాలి. రెండూ ఉంటే మీరు ముట్టుకోకముందే, లీక్ అయిన క్షణంలోనే కట్ అయిపోతుంది.

కౌంటర్ మీద దొరికే సలహాలు

మా ఇంటి పని అయ్యాక నాకు ఆసక్తి పెరిగి, బాబాయ్ వెనకాల కొన్ని రోజులు తిరిగాను. చోడవరం చుట్టుపక్కల ఊళ్ళు, పాత ఇళ్ళు, కొత్త డాబాలు. ప్రతి ఇంట్లో ఒకే డైలాగు. "షాపాయన ఇది చాలన్నాడండి." ఎక్కువ సార్లు విన్నవి చెప్తాను.

ఒకటి, "ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందా? పెద్దది వెయ్." 16 ఆంపియర్లది తీసి 32 వేస్తారు. వైరు మాత్రం అదే పాతది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. ఎంసీబీ పడిపోవడం రోగం కాదు, జ్వరం. థర్మామీటర్ మారిస్తే జ్వరం తగ్గదు. కిట్‌క్యాట్‌లో రాగి పోగులు మెలిపెట్టి చుట్టడం కూడా ఇదే తప్పు. మా ఇంట్లో 5 ఆంపియర్ల ఫ్యూజుల్లో ఒక దాంట్లో బాబాయ్‌కి ఆరు పోగులు దొరికాయి. అది ఫ్యూజు కాదు, వైరు.

రెండు, "గీజర్‌కి కన్వర్షన్ ప్లగ్ సరిపోద్ది." 2000 వాట్ల గీజర్ తీసుకునేది 2000 బై 230, అంటే దాదాపు 8.7 ఆంపియర్లు. ఇండక్షన్ స్టవ్ ఫుల్ పెడితే అదే లెక్క. పెద్ద పిన్నుల ప్లగ్గుని అడాప్టర్ పెట్టి 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో దూర్చితే ఏమవుతుంది? సాకెట్ నల్లబడుతుంది, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. పిన్నుల సైజు వేరుగా పెట్టిందే దూరకూడదని. అడాప్టర్ అమ్మడం అంటే ఆ తాళానికి దొంగ తాళంచెవి అమ్మడమే.

మూడు, "చిన్న వైరు చాలు, రేటు తక్కువ." పాతకాలం షాపుల్లో ఇప్పటికీ మూడు ఇరవై రెండు, మూడు ఇరవై, ఏడు ఇరవై అని గేజ్ లెక్కలో అడుగుతారు. మూడు ఇరవై రెండు అంటే సుమారు 1.2 స్క్వేర్ ఎంఎం, మూడు ఇరవై సుమారు 2, ఏడు ఇరవై సుమారు 4.6. గుర్తుపెట్టుకోవడానికి సులువుగా: లైట్లు, ఫ్యాన్లకి 1.5, పెద్ద 16 ఆంపియర్ల సాకెట్‌కి 2.5, ఏసీకి, గీజర్‌కి 4 స్క్వేర్ ఎంఎం విడి లైను. వైరు మీద ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 694 అనే నంబరు ఉండాలి. లేని కాయిల్ ఎంత చవకైనా వద్దు.

నాలుగు, "మెలిపెట్టి టేపు చుట్టెయ్." టేపు కరెంటు బయటికి రాకుండా ఆపుతుంది కానీ జాయింట్‌ని పట్టుకోదు. వదులైన జాయింట్ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ ఇంకా వదులవుతుంది. మా న్యూట్రల్ ఊడింది అలాగే. జాయింట్ తప్పకపోతే కనెక్టర్‌తో, విప్పి చూడగలిగే బాక్సులో ఉండాలి. గోడ లోపల పూడ్చెయ్యకూడదు.

ఐదు, "టెస్టర్ వెలగలేదు కదా, ఏం కాదు." నియాన్ టెస్టర్ చెప్పేది ఒక్కటే, అక్కడ ఫేజ్ ఉందా అని. ఎర్త్ ఉందో లేదో, న్యూట్రల్ గట్టిగా ఉందో లేదో చెప్పదు. అసలు టెస్టరే పాడైపోయి ఉండొచ్చు. బాబాయ్ ప్రతిసారీ ముందు కరెంటు ఉన్న చోట పెట్టి వెలిగిందని చూసి, తర్వాతే పని చేసే చోట పెడతారు. ఇంకో విషయం. సాకెట్‌లో రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగి, ఏ వస్తువూ పనిచెయ్యకపోతే, న్యూట్రల్ తెగిందని అనుమానించాలి. అప్పుడు ఏదీ ముట్టుకోకుండా మెయిన్ ఆఫ్ చెయ్యండి.

ఆరు, ఇది అన్నిటికంటే దారుణం. "ఆర్‌సీసీబీ పడిపోతోందా? అది మరీ సెన్సిటివ్. తీసేసి మామూలుది వెయ్."

మా ఇంట్లోనే ఇది జరిగింది. ఆర్‌సీసీబీ పెట్టిన మొదటి రోజే ఐదుసార్లు పడింది. నేను మళ్ళీ అదే షాపుకి వెళ్ళాను, బుద్ధి లేక. అదే సమాధానం వచ్చింది. బాబాయ్ మాత్రం మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్ళకుండా ఒక్కొక్క లైను విప్పి వెతికారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక మా ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాం. అప్పుడు పెట్టినవాళ్ళు ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌ని మీటర్ వైపు నేరుగా కలిపేశారు. అంటే ఇప్పుడు ఫేజ్ ఆర్‌సీసీబీలోంచి వెళ్తోంది, న్యూట్రల్ దాని బయటి నుంచి తిరిగొస్తోంది. తలల లెక్క ఎలా సరిపోతుంది? ఆర్‌సీసీబీ తప్పేం లేదు. అది నిజమే చెప్తోంది. నిజం చెప్పినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యమని సలహా ఇచ్చారు షాపులో.

ఎలక్ట్రీషియన్ వైపు నుంచి

ఆ రోజుల్లో బాబాయ్ పని చూశాక నాకు అర్థమైంది ఏంటంటే, మనం చేసిన తప్పు మనకంటే ముందు వాళ్ళకి తగులుతుంది. ఒక ఇంట్లో బాత్రూమ్ లైటు స్విచ్ ఫేజ్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టి ఉంది. స్విచ్ ఆఫ్ చేస్తే లైటు ఆరుతుంది, కానీ హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది. బల్బు మార్చేవాడి పని అంతే. ఇంకో ఇంట్లో మోటార్ వైరుకి ప్లగ్ లేదు, వైరు కొసలు సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చారు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళల్లో మెయిన్ ఆఫ్ చేసినా కొన్ని పాయింట్లలో కరెంటు ఉంటుంది. ఇంటివాళ్ళు ఆ మాట చెప్పరు. చెప్పడం వాళ్ళకి తెలియదు.

ఇవి సరిచెయ్యడానికి రెండు గంటలు పట్టిందంటే, "వైరు ముక్క కలపడానికి ఇంతా?" అంటారు. బాబాయ్ ఒకసారి అన్నారు, "తప్పుగా చేసినోడికి రెండొందలిచ్చేరు, సరిచేసినోడి దగ్గర బేరమాడతన్నారు" అని.

అలాగని షాపువాళ్ళని విలన్లు చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన వస్తువులు అమ్మేవారు. మా ఇల్లు ఆయన చూడలేదు. నేను అడిగిన ప్రశ్నే తప్పు. "జిల్లు ఎలా పోతుంది?" అని అడిగాను, జిల్లు పోయే దారి చెప్పారు. "జిల్లు ఎందుకు వస్తోంది?" అని ఇల్లు చూసేవాళ్ళని అడగాలి. ఆఫీసులో నేను ఎవరి కోడ్‌లోనైనా ఎర్రర్ మెసేజ్ దాచేస్తే రివ్యూలో ఒప్పుకోను. ఇంట్లో అదే పని చేశాను.

ఎలక్ట్రీషియన్లు అందరూ కరెక్టే అని కూడా అనను. మా ఇన్వర్టర్ న్యూట్రల్ కలిపిందీ పనివాళ్ళే. నిబంధనల ప్రకారం ఇంటి వైరింగ్ లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ ద్వారా, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చెయ్యాలి. అడగండి. అడగడంలో తప్పు లేదు.

ఇది చిన్న విషయం కాదు

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం మన దేశంలో కరెంటు షాక్‌తో ఏటా 10 వేల మందికి పైగా చనిపోతున్నారు. అన్నీ ఇళ్ళల్లో కాదు, పొలాలు, లైన్లు అన్నీ కలిపి. 2022 జూలైలో కామారెడ్డిలో బట్టలు ఆరేసే ఇనుప తీగకి కరెంటు వచ్చి ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు, అందులో ఇద్దరు పిల్లలు. మన ఊళ్ళల్లో దండెం తీగ ఒక కొస సర్వీస్ వైరు పైపుకే కడతారు. సర్వీస్ వైరు తొడుగు ఒరుసుకుపోతే దండెం అంతా ఫేజే. ఈ రోజే ఇనుప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి. ఇరవై రూపాయల పని.

బ్రిటన్‌లో 2004లో అప్పటి పార్లమెంటు సభ్యురాలు జెన్నీ టాంగ్ కూతురు తన వంటింట్లో షాక్ కొట్టి చనిపోయారు. గోడలో కేబుల్‌ని నిలువుగానో అడ్డంగానో కాకుండా ఐమూలగా లాగారు. గోడకి బిగించిన ఇనుప స్టాండు స్క్రూ ఆ కేబుల్‌కి తగిలింది. 2005 జనవరి నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ఇళ్ళ వైరింగ్ పనిని బిల్డింగ్ రూల్స్‌లోకి తెచ్చారు. అంటే ఇది పల్లెటూరి సమస్యో, పేదవాళ్ళ సమస్యో కాదు. గోడలో ఏముందో తెలియని ప్రతి ఇంటి సమస్య. మీరు కూడా స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా, కిందా, పక్కనా మేకు కొట్టకండి. వైరు సాధారణంగా అక్కడే ఉంటుంది.

మీరు చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి

మీటర్ బోర్డు ఫోటో తీసుకోండి, దూరం నుంచే. అందులో టి అనే చిన్న బటన్ ఉన్న డబ్బా ఉందా చూడండి. అదే ఆర్‌సీసీబీ. నెలకొకసారి ఆ బటన్ నొక్కండి. వెంటనే కట్ అవ్వాలి. అవ్వకపోతే మార్పించండి. అసలు లేకపోతే పెట్టించండి. మామూలు ఇంటికి రెండు, మూడు వేల రూపాయల్లో వస్తుంది. ఎర్త్ లేని పాత ఇంట్లో కూడా అది కొంత కాపాడుతుంది.

ఏ వస్తువైనా జిల్లుమంటే దాని వాడకం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఆయన వచ్చినప్పుడు సాకెట్ విప్పించి, న్యూట్రల్, ఎర్త్ మధ్య ముక్క ఉందేమో చూడమని అడగండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందని ముందే చెప్పండి. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్ను తీసేసి వాడకండి. అది పొడుగ్గా ఉన్నది ముందు ఎర్త్ తగిలి, చివర్లో ఊడాలని. మీటర్ దాకా ఉన్న సర్వీస్ వైరు సమస్యైతే మీరు ముట్టుకోకుండా 1912కి ఫోన్ చెయ్యండి, మన ఈపీడీసీఎల్ వాళ్ళు వస్తారు. మీటర్ తర్వాత ఉన్నదంతా మన బాధ్యత.

ఎవరికైనా షాక్ కొడుతుంటే చెయ్యి పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ ఆఫ్. కుదరకపోతే పొడి చెక్కతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో తోసి విడిపించండి. 108కి ఫోన్ చెయ్యండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి, అంబులెన్స్ వచ్చేదాకా. లేచి బాగానే ఉన్నాను అన్నా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మా అమ్మ "ఏం కాలేదురా" అంటూనే ఉంది, అయినా తీసుకెళ్ళి ఈసీజీ తీయించాం. బాగానే ఉంది.

ఆ వైరు ముక్క ఇప్పటికీ నా టేబుల్ మీద ఉంది. ఐదు అంగుళాలు ఉంటుంది. ఎర్రది. కెమెరాకి చూపిస్తున్నాను చూడండి, ఇదే. ఇలాంటిది మీ ఇంట్లో ఏ సాకెట్‌లోనైనా ఉండొచ్చు. ఉందో లేదో ఈ వారంలోనే చూపించుకోండి. అమ్మ ఇప్పుడు కూడా వాషింగ్ మెషిన్ ముట్టుకునే ముందు ఒక వేలి వెనక వైపు తగిలించి చూస్తుంది. ఎర్త్ వేయించాం, ఆర్‌సీసీబీ పెట్టించాం, ఇంక భయం లేదమ్మా అంటాను. "నువ్వు అప్పుడూ అలాగే అన్నావు కదరా" అంటుంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.